ఆరో నంబరు రికార్డరు

నవంబరు 6

పొద్దున పదకొండుకి పెద్దమ్మ గొంతులోకి గొట్టం దించి వెంటిలేటరు పెట్టారు. ఇకమీదట ఆవిడ ఊపిరి ఆవిడది కాదు, యంత్రానిది. ఈ మాట చెబుతున్నంతసేపూ డాక్టరు అమ్మ ముఖం చూడలేదు, నా ముఖం చూడలేదు. మా వెనకున్న గోడ గడియారం చూశాడు. నిజం చెప్పేవాళ్లకి గడియారంతో ఏం పని?

జబ్బు పేరు ఫ్లూ. ఒక్క అక్షరం. పెద్దమ్మ లాంటి మనిషిని పడగొట్టడానికి కనీసం నాలుగైదు అక్షరాల పేరైనా ఉండాల్సింది.

లోపలికి తీసుకెళ్లే ముందు పొడుగు నర్సు ఒక కాగితం నింపింది. "ఈమె కన్నా ముందు ఇంట్లో ఎవరికైనా జలుబు, దగ్గు, జ్వరం?" అని అడిగింది. అమ్మ నోరు తెరిచేలోపే నేను "లేదండీ" అన్నాను.

"పోయిన వారం నువ్వు దగ్గావు కదే?" అంది అమ్మ.

"అది దుమ్ము దగ్గమ్మా."

నర్సు పెన్ను కాగితం మీద ఆగింది. ఎందుకాగింది? తర్వాత "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టింది.

అది దుమ్ము దగ్గే. పెద్దమ్మ గదిలో పాత ప్రూఫు కట్టలు అటక దాకా పేర్చి ఉంటాయి. అక్కడ ఎవరికైనా దగ్గొస్తుంది.

నవంబరు 7

ఆస్పత్రి వాళ్లు ఫోన్ చేశారు. "నిలకడగా ఉంది" అన్నారు. అంతే.

నవంబరు 8

మళ్లీ "నిలకడగా ఉంది." అదే గొంతు, అదే సాగదీత. ఎదురుగా కాగితం పెట్టుకుని చదువుతున్నట్టుంది. నిలకడ అనే మాట నిఘంటువులో చూశాను: కదలకుండా ఉండడం, స్థిరత్వం. బండరాయి కూడా నిలకడగానే ఉంటుంది.

ఆ నిఘంటువు నాకు వక్తృత్వ పోటీలో వచ్చిన రెండో బహుమతి. పోయిన నెల ముప్పై ఒకటిన. దాని గురించి ఇప్పుడు రాయను.

మధ్యాహ్నం నర్సు వీడియో ఫోన్‌లో మంచం చూపించింది. ఆరో నంబరు మంచం. పెద్దమ్మని బోర్లా పడుకోబెట్టారు. అలా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగానికి గాలి బాగా అందుతుందట, రోజుకి పదహారు గంటలు అలాగే ఉంచుతారట. ముఖం కనిపించలేదు. వీపు కనిపించింది, జుట్టు కనిపించింది. జుట్టు రెండు జడలుగా వేసి ఉంది.

పెద్దమ్మకి యాభై నాలుగేళ్లు. నాకు తెలిసి ఆవిడ ఎప్పుడూ ముడి తప్ప ఇంకొకటి వేసుకోలేదు. ఆ ముడిలో ఎర్ర పెన్సిలు గుచ్చుకుని, ప్రెస్సు నుంచి వచ్చిన స్కూలు పుస్తకాల ప్రూఫుల్లో తప్పులు వెతికేది. రెండు జడలేంటి?

"అమ్మా, అది పెద్దమ్మేనా?" అన్నాను.

"మరి పక్కింటావిడా? నోరు మూసుకో" అంది అమ్మ.

అమ్మ దేవుణ్ణి, డాక్టర్ని, వాతావరణ వార్తల్ని ఒకే రకంగా నమ్ముతుంది. ఇంట్లో అనుమానపు పనంతా నా ఒక్కదాని నెత్తినే పడింది.

నవంబరు 9

ఐసీయూ బయట హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా బిగించి ఉంటాయి. ఒకరు లేస్తే వరసంతా ఊగుతుంది. మా పక్క కుర్చీ ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఆయన భార్యది నాలుగో నంబరు మంచం, అదే ఫ్లూ, అదే యంత్రం. నేను మనసులో ఆయనకి లిఫ్టు బాబాయ్ అని పేరు పెట్టాను. ఒళ్లో నిఘంటువు చూసి ఆయన నాకు చదువులమ్మ అని పెట్టాడు, పైకే.

ఇవాళ పొడుగు నర్సు మా ఇద్దరికీ వేలెడంత రికార్డర్లు ఇచ్చింది. మీద మంచం నంబరు అంటించి ఉంది. రోజూ పొద్దున కౌంటర్లో తీసుకుని, ఐదు నిమిషాలు మాట్లాడి, తిరిగి ట్రేలో పెట్టాలి. లోపల వాళ్లకి వినిపిస్తారట.

"ఏడుపులొద్దు. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి" అంది.

"మత్తులో ఉన్నవాళ్లకి వినిపిస్తుందాండీ?" అని అడిగాను.

"కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. వినిపించకపోతే మనకి పోయేదేముంది?"

నన్నే చూస్తూ చెప్పింది. ఆవిడ నన్ను మరీ ఎక్కువగా చూస్తుంది.

లిఫ్టు బాబాయ్ ఒక మూలకి వెళ్లి రికార్డరుతో గట్టిగా దెబ్బలాడి వచ్చాడు. "గ్యాసు కట్టేయకుండా ఎలా వచ్చావే అని అడిగాను. ఇరవై రెండేళ్లలో మధ్యలో అడ్డు రాకుండా నా మాట పూర్తిగా వినడం ఇదే మొదటిసారి" అన్నాడు. అమ్మ నవ్వింది. నాలుగు రోజుల్లో మొదటిసారి.

నవంబరు 10

నా మొదటి రికార్డింగు. రోజుకో కొత్త మాట చెబుదామనుకున్నాను. చిన్నప్పటి నుంచీ పెద్దమ్మ నాకు చేసింది అదే: భోజనాల దగ్గర ఒక మాట పళ్లెంలో వడ్డించినట్టు వడ్డించేది. నాకేమో ఈ ఏడాదే రుచి తెలిసింది.

"పెద్దమ్మా, ఇవాళ్టి మాట నివురు. నిప్పు మీద పేరుకునే సన్నటి బూడిద" అన్నాను. తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. పక్కింటి కుక్కకి పిల్లలు పుట్టాయని చెప్పాను. అబద్ధం. పక్కింట్లో కుక్కే లేదు.

నవంబరు 11

ట్రేలో రికార్డరు నిన్న నేను పెట్టిన చోటే, నేను పెట్టినట్టే, బటన్లు కిందికి తిరిగి ఉంది. ఛార్జింగు నిండుగా ఉంది. వాడిన వస్తువు అలా ఉంటుందా?

లిఫ్టు బాబాయ్‌ని అడిగాను. "మళ్లీ ఛార్జింగు పెట్టుంటారమ్మా. అన్నిటికీ అనుమానమైతే లిఫ్టు ఎక్కగలవా నువ్వు? తాడు నాలాంటివాడే కట్టాడు" అన్నాడు.

ఆయనకీ అనుమానం ఉంది, పైకి చెప్పడు. నిన్న నాలుగో నంబరు రికార్డరుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడడం నేను చూశాను.

నవంబరు 12

వల పన్నాను.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకునే నీలం రేకు డబ్బా ఇంటి నుంచి తెచ్చాను. లోపల కళ్లజోడు, అరిగిపోయిన ఎర్ర పెన్సిలు ముక్క. దాన్ని కౌంటరు బల్ల చివర పెట్టి రికార్డరులో ఇలా చెప్పాను: "పెద్దమ్మా, నీ నీలం డబ్బా కింద కౌంటర్లో ఉంచాను. కళ్లజోడు అందులోనే ఉంది. ఇది వింటున్నవాళ్లు ఎవరైనా దాన్ని తెచ్చి నీ తలగడ దగ్గర పెడతారు. నీకు మెలకువ రాగానే ముందు కావలసింది అదే కదా."

నర్సు వినిపిస్తే నర్సుకీ వినబడుతుంది. వినబడితే డబ్బా తీసుకెళ్తుంది. తీసుకెళ్లకపోతే అసలు వినిపించనట్టే. లెక్కల మేడం అయినా ఇందులో తప్పు పట్టలేదు.

నవంబరు 13

డబ్బా అక్కడే ఉంది.

నవంబరు 14

డబ్బా అక్కడే ఉంది. కౌంటరు గుమాస్తా దాన్ని స్టాండుగా పెట్టుకుని సెల్‌ఫోన్లో ఏదో చూస్తున్నాడు.

"ఇది ఎవరిదమ్మా, మూడు రోజులుగా ఇక్కడే కాపురం పెట్టింది?" అన్నాడు.

"ఉండనివ్వండి. తీసుకెళ్లేవాళ్లు వస్తారు" అన్నాను.

సాయంత్రం డాక్టరు పిలిచాడు. పెద్దమ్మకి ఆక్సిజన్ ఇంకా పెంచాల్సి వచ్చిందట. ఇవాళ గడియారం చూడలేదు, చేతులు చూసుకున్నాడు. నేనే అడిగాను: "ఇలా గొట్టం వేసినవాళ్లలో ఎంతమంది బతుకుతారు?"

"ఈ రెండు నెలల్లో ఈ ఫ్లూతో ఇక్కడ పదమూడు మందికి వేశాం. ఏడుగురు ఇళ్లకి వెళ్లారు. నలుగురు పోయారు. ఇద్దరు లోపలున్నారు."

లోపలున్న ఇద్దరూ ఎవరో నాకు తెలుసు. ఒకరు మా పెద్దమ్మ. రెండో ఆవిడ గ్యాసు కట్టేయకుండా వచ్చినావిడ.

"మీ పెద్దమ్మగారికి ఒక ఊపిరితిత్తి ముందు నుంచే సగం పనిచేస్తోంది. అదే మా భయం" అన్నాడు.

మాకు తెలియదా? అందుకే కదా ఇంట్లో ఆ నియమం ఉంది. ఎవరు దగ్గినా తుమ్మినా ముందు గదిలోనే పడుకోవాలి, తగ్గేదాకా పెద్దమ్మ గది గడప తొక్కకూడదు. ఆ నియమం నేను పుట్టకముందు నుంచీ ఉంది.

ఏడు, నాలుగు, రెండు.

నవంబరు 15

డబ్బా అక్కడే ఉంది. ఎవరూ వినిపించడం లేదు. ఎవరూ వినడం లేదు.

నర్సుని నిలదీయలేదు. నిలదీస్తే ఆవిడ నన్ను తిరిగి ఏదైనా అడుగుతుంది.

నవంబరు 16

ఇవాళ రికార్డరులో ఐదు నిమిషాలు కాదు, పద్నాలుగు నిమిషాలు మాట్లాడాను. హాల్లో కాదు, మెట్ల కింద ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లు పెట్టే చోట కూర్చుని. ఏం చెప్పానో ఇక్కడ రాయను. ఎలాగూ ఎవరూ వినరు. గోడకి చెప్పుకున్నట్టే. గోడ కన్నా ఇది నయం, జేబులో పడుతుంది.

ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. "ఇవాళేంటే, మనిషిలా తింటున్నావు?" అంది అమ్మ.

నవంబరు 17

లిఫ్టు బాబాయ్ భార్య పొద్దున ఏడింటికి పోయింది.

మేం వెళ్లేసరికి ఆయన కుర్చీలో లేడు, కుర్చీల ముందు నేల మీద కూర్చున్నాడు. అమ్మ వెళ్లి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. పొడుగు నర్సు బయటికొచ్చి, నాలుగో నంబరు రికార్డరు ఆయన చేతిలో పెట్టి, "నిన్న సాయంత్రం వరకూ వినిపించానండి. ఒక్క రోజు కూడా మానలేదు" అంది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "నిన్న కూర మాడ్చుకున్నానని చెప్పి, అది కూడా ఆవిడ తప్పేనని తిట్టాను తల్లీ. అదే ఆఖరిదా?" అన్నాడు. రికార్డరు జేబులో వేసుకుని ఆయనే అన్నాడు: "పోనీలే. కొత్తగా విన్నదేం కాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత దుఃఖంలో ఉన్న మనిషికి అంత అబద్ధమా? నర్సు వెనకాలే తలుపు దాకా వెళ్లాను.

"మీరు ఎవరివీ వినిపించడం లేదు. నాకు తెలుసు" అన్నాను. ఆగలేకపోయాను. పన్నెండో తారీఖున డబ్బా సంగతి చెప్పాననీ, ఐదు రోజులుగా అది కౌంటర్లోనే ఉందనీ, మంచం మీదున్న రెండు జడల మనిషి మా పెద్దమ్మ అని నమ్మకం లేదనీ, రోజూ ఫోన్లో ఒకే మాట చదువుతారనీ, మొత్తం కక్కేశాను.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. మాస్కు పైన కళ్లు బాగా అలిసిపోయి ఉన్నాయి.

"ఏ డబ్బా అమ్మా?"

"చూశారా! మీరు వినలేదు!"

"నేను వినను. ఇయర్‌ఫోన్లు ఆవిడ చెవుల్లో పెట్టి, బటన్ నొక్కి, నా పని నేను చూసుకుంటాను. మొదట్లో పైకే వినిపించేవాళ్లం. ఒకాయన వాళ్లావిడతో చెప్పుకున్న మాట ఒకటి నా చెవిన పడింది. ఆ తర్వాత ఆయన ముఖం చూడలేకపోయాను. మీ ఇళ్లలో మాటలు మీవి, మాకెందుకు? అప్పటి నుంచీ చెవుల్లోనే."

"మరి ఆ జడలు?" అన్నాను.

"జడలు నేనే వేశాను. బోర్లా పడుకున్నప్పుడు ముడి ఉంటే తలకి గుచ్చుకుని పుండు పడుతుంది. ఇంకేమైనా ఉందా?"

"నిన్నటిది..." అన్నాను. "నిన్నటిది కూడా పెట్టారా?"

"పెట్టాను. పెద్దదిగా ఉంది కదా, పొద్దున సగం, సాయంత్రం సగం. రోజూ మీ గొంతు వచ్చేటప్పుడు ఆవిడ గుండె కొంచెం నెమ్మదిస్తుంది. నిన్న మాత్రం సాయంత్రం పెరిగింది."

ఏడు, ఐదు, ఒకటి.

నవంబరు 18

ఆవిడ చెప్పింది అబద్ధమై ఉండొచ్చు. మంచి జవాబు అది. మరీ మంచి జవాబు.

అబద్ధమైతే బాగుండును.

నవంబరు 19

రికార్డరు అమ్మకి ఇచ్చేశాను, గొంతు నొప్పి అని చెప్పి. అమ్మ ఐదు నిమిషాలూ, కుట్టాల్సిన యూనిఫారాలు ఎన్ని మిగిలాయో, ఎవరి కొలతలు తప్పాయో చెబుతుంది. "అక్కా, త్వరగా రా" అని ముగిస్తుంది. ప్రతిరోజూ అంతే.

పొడుగు నర్సు, "అమ్మాయి గొంతు రావడం లేదేం?" అని అడిగిందట. ఆవిడకెందుకు?

నవంబరు 20

ఇవాళ ఒక ఆలోచన వచ్చింది. అది నాది కాదు. ఒకవేళ పెద్దమ్మ లేవకపోతే ఇక ఎవరికీ... కాదు. అది నా ఆలోచన కాదు. హాల్లో ఎవరిదో గాల్లోంచి వచ్చింది.

నవంబరు 21

నోట్లో గొట్టం తీసి, మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కడి నుంచి పెట్టారు. ఎక్కువ రోజులు పట్టేవాళ్లకి ఇలా చేస్తారట. మత్తు మందు తగ్గిస్తున్నారు.

"లేచాక అన్నీ గుర్తుంటాయా డాక్టర్?" అని అడిగాను.

"చాలామందికి గుర్తుండదు. కొందరికి కలగాపులగంగా ఉంటుంది, లేనివి చూశామంటారు."

గుర్తుండదు. చాలామందికి గుర్తుండదు.

నవంబరు 24

కళ్లు తెరిచింది. అద్దంలోంచి చూశాం. పైకప్పు చూసింది, యంత్రం చూసింది, అమ్మని చూసింది, తర్వాత నన్ను. నన్ను ఎక్కువసేపు చూసింది.

అమ్మకి అలా అనిపించలేదట.

నవంబరు 27

యంత్రం లేకుండా రెండు గంటలు తన ఊపిరి తనే తీసింది.

నవంబరు 29

ఆరు గంటలు. అమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఒకసారికి ఒకరే అన్నారు. "రేపు నువ్వెళ్లు" అంది అమ్మ. పరీక్షలకి చదవాలన్నాను. పరీక్షలు జనవరిలో.

లిఫ్టు బాబాయ్ ఇవాళ ఆస్పత్రికొచ్చాడు, ఇక్కడి లిఫ్టు ఆగిపోయిందట. పనిముట్ల సంచి భుజాన వేసుకుని మా దగ్గరికొచ్చి, "మీ పెద్దమ్మ ఎలా ఉంది చదువులమ్మా?" అన్నాడు. యంత్రం తీసేస్తున్నారని చెప్పాను. "గట్టిపిండం" అని నా తల మీద చెయ్యి వేసి, "మరి నీ ముఖమేంటి, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. ఆయనకి ఎవరు చెప్పారు?

డిసెంబరు 2

యంత్రం పూర్తిగా తీసేశారు. ఇరవై ఆరు రోజులు. పెద్దమ్మని వార్డులోకి మార్చారు. ఇక్కడ ఇద్దరూ వెళ్లొచ్చు. తప్పించుకోవడానికి సాకు దొరకలేదు.

డిసెంబరు 3

జరిగింది జరిగినట్టు రాయాలి.

పెద్దమ్మ కిటికీ పక్క మంచం మీద తలగడలకి ఆనుకుని ఉంది. సగం మనిషైంది. జుట్టు ఇంకా రెండు జడలే. మెడ దగ్గర గొట్టం ఉండడంతో మాట రాదు. వార్డు నర్సు చిన్న తెల్ల బోర్డు, స్కెచ్ పెన్ను ఇచ్చింది. అమ్మ పెన్ను ఆవిడ వేళ్ల మధ్య ఇరికించింది. చెయ్యి వణుకుతుంటే ఒక్కో అక్షరం ఒక్కో వైపు పడిపోతూ, చాలాసేపు రాసింది.

"నీలం డబ్బా."

"ఏ డబ్బా అక్కా?" అంది అమ్మ. "అయ్యో, లేనిపోనివేవో కనిపిస్తాయన్నాడు డాక్టరు. ఏ డబ్బా లేదక్కా, నువ్వు పడుకో."

పెద్దమ్మ అమ్మని చూడలేదు. నన్ను చూసి, వేలు కిందికి చూపించింది. కింద కౌంటరు.

నేను మెట్లన్నీ దిగి పరుగెత్తాను. గుమాస్తా సొరుగులోంచి డబ్బా తీసి, "వచ్చారా తీసుకెళ్లేవాళ్లు?" అన్నాడు. పైకెక్కేటప్పుడు పరుగెత్తలేదు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ అనుకున్నాను: పన్నెండో తారీఖుది విన్న మనిషి పదహారోది కూడా వింది.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుంది. బోర్డు అరచేత్తో తుడిచింది. మళ్లీ రాసింది. ఈసారి అక్షరాలు కొంచెం కుదురుగా ఉన్నాయి.

"దగ్గు తగ్గిందా?"

అమ్మ అది చదివి, ఇన్నాళ్లలో మొదటిసారి గట్టిగా నవ్వింది. "చూశావా, మంచం మీద తనుండి పరామర్శ దీనికి! దానికేం దగ్గక్కా, అది దుమ్ము దగ్గు, ఎప్పుడో పోయింది."

నేను చెప్పిన మాటే. అక్షరం పొల్లుపోకుండా అమ్మ నోట్లోంచి వచ్చింది. నమ్మకంగా, నవ్వుతూ.

పెద్దమ్మ బోర్డు తుడవలేదు. అలాగే పట్టుకుని కూర్చుంది. కోపంగా లేదు, జాలిగా కూడా లేదు. ప్రూఫులు దిద్దేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు తనకి కనిపించినా చెప్పకుండా, నాకు ఎప్పుడు కనిపిస్తుందా అని చూసేది. అచ్చం అలా చూసింది. గదిలో ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. గరగరమంటోంది. ఆవిడదే.

"దుమ్ము దగ్గు కాదమ్మా" అన్నాను.

అమ్మ నవ్వు అలాగే ఉంది, కళ్లు మారాయి.

"జ్వరం కూడా వచ్చింది. మాత్రలు వేసుకుని చెప్పలేదు. చెబితే పెద్దమ్మ గదిలోకి రానివ్వరని. పోటీకి నాలుగు రోజులే ఉంది. రోజూ సాయంత్రం తలుపేసుకుని ఆవిడ ఎదురుగానే ప్రాక్టీసు చేశాను."

అమ్మ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికెళ్లి బయటికి చూస్తూ నిలబడింది. తర్వాత తిరగకుండానే, "జ్వరం ఎంత?" అంది.

"నూట రెండు."

"ఇప్పుడో?"

"లేదమ్మా."

పెద్దమ్మ మంచం మీద నుంచి చెయ్యి చాపింది. నాకు కాదు, అమ్మకి. అమ్మ రాలేదు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది. చివరికి అమ్మ వచ్చి పట్టుకుంది. నావైపు మాత్రం చూడలేదు.

డిసెంబరు 4

అమ్మ నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది.

మధ్యాహ్నం నేనొక్కదాన్నే వార్డుకి వెళ్లాను. పొడుగు నర్సు డ్యూటీ ఎక్కబోతూ ఒక నిమిషం పెద్దమ్మని చూసిపోదామని వచ్చింది. రెండు జడలూ విప్పి, దువ్వి, ముడి వేసింది. "ఇళ్లకి వెళ్లేవాళ్లలో ఎనిమిదో ఆవిడ" అంది నాతో, అంతే. ఆవిడా లెక్క పెట్టుకుంటోందని నాకు తెలియదు.

పెద్దమ్మ నీలం డబ్బా తెరిచి ఎర్ర పెన్సిలు ముక్క తీసింది. ముడిలో గుచ్చుకుంటుందనుకున్నాను. నా చేతిలో పెట్టింది.

డిసెంబరు 5

ఈ డైరీ మొదటి నుంచీ చదివాను. "దుమ్ము" అని నేను రాసిన ప్రతిచోటా ఎర్ర పెన్సిలుతో అడ్డగీత కొట్టి, పక్కన "జ్వరం" అని రాశాను. నవంబరు ఇరవైన "అది నా ఆలోచన కాదు" అన్నచోట "కాదు" మీద కూడా గీత కొట్టాను.

పెన్సిలు అరిగిపోయింది. ఈ డైరీ అమ్మకి చూపించాలి.